అతుకు దగ్గర అర గడి

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. నది లెక్కల ఆఫీసులో చీఫ్ ఇంజనీరు మొదలుకొని వాచ్‌మన్ దాకా అందరూ ఆవిడను మరోసారమ్మ అనే అంటారు, ఎదురుగా కూడా. ఏ పని పూర్తిచేసి చేతికిచ్చినా "ఒక్క నిమిషం, మరోసారి చూసిస్తాను" అని వెనక్కి లాక్కోవడం ఆవిడ జబ్బు. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి తాళం లాగి చూసి, మళ్ళీ మలుపు దాకా వెళ్ళి, పొయ్యి ఆపానో లేదో అని ఇంకోసారి వచ్చే మనిషి. బస్సు కండక్టరుగా పనిచేసే భర్త "మా ఆవిడతో ఏడింటి బస్సు ఎక్కాలంటే ఆరింటికే తాళం వేయాలి" అని పదిమందిలో చెప్పి నవ్విస్తుంటాడు. ఆవిడకు కోపం రాదు. ఆయన చెప్పేది అబద్ధమైతే కదా.

నవ్వేవాళ్ళు నవ్వుతారు గానీ, పంతొమ్మిదేళ్ళలో ఆవిడ గదిలోంచి తప్పుడు అంకె ఒక్కటి బయటికి పోలేదంటే ఆ చాదస్తం పుణ్యమే. ఆ మాట ఎవరూ అనరు. సరిగ్గా ఉన్న లెక్కను మెచ్చుకోవడం లోకంలో ఎక్కడా లేదు.

ఆవిడ ఆ ఆఫీసులో చేరింది పటాలకు నకళ్ళు గీసే పనికి. అప్పట్లో పెద్ద షెడ్డులో సిమెంటుతో చేసిన నది ఉండేది, ముప్పై అడుగుల పొడవు. కుళాయి తిప్పి, పైన రంపపు పొట్టు చల్లి, నీళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూసేవాళ్ళు. భోజనాల వేళ అందరూ డబ్బాలు విప్పుకుంటే ఈవిడ ఆ గట్టున గొంతుక్కూర్చుని పొట్టు సుడులు చూస్తూ ఉండేది. తర్వాత షెడ్డు కప్పు కూలింది, సిమెంటు నది బీటలు వారింది. దాని బదులు వేరే ఆఫీసుల్లో వాడి వదిలేసిన కంప్యూటర్లు పదహారు తెచ్చి, ఒకదానికొకటి తీగలు కలిపి, "ఇక మీదట నది ఇందులోనే" అన్నారు. మిగతావాళ్ళు తలలు పట్టుకున్నారు. ఈవిడ మాత్రం రాత్రుళ్ళు పుస్తకాలు ముందేసుకుని, రెండేళ్ళు కుస్తీపట్టి నేర్చుకుంది.

నేర్చుకున్నాక తెలిసింది, అది వినడానికే భయంగానీ విషయం చిన్నదని. నదిని తేనెపట్టులా ఆరు మూలల గళ్ళుగా కోస్తారు. ఒక్కో గడిలో కొన్ని నీటి నలకలు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. గంట కొట్టినట్టు ఒక అదను. ఆ అదనుకు ప్రతి నలకా తన దారిన పక్క గడిలోకి ఒక అడుగు వేస్తుంది. రెండు ఎదురుపడితే ఢీకొని పక్కకు తిరుగుతాయి. గట్టు తగిలితే వెనక్కొస్తాయి. అంతే. ఏ గడికీ నది అంటే ఏమిటో తెలియదు, తన చుట్టూ ఉన్న ఆరుగురు తప్ప లోకం తెలియదు. అయినా కోట్ల గళ్ళు కలిసి లక్షసార్లు అడుగులు వేసేసరికి, ఎవరూ చెప్పకుండానే తెర మీద సుడులు తిరుగుతాయి, వంతెన స్తంభాల వెనక నీళ్ళు అచ్చం అలాగే జడలు అల్లుకుంటాయి. మొదటిసారి అది చూసినరోజు ఆవిడకు కళ్ళనీళ్ళొచ్చాయి.

అన్ని గళ్ళూ ఒక కంప్యూటరు వల్ల కాదు. అందుకని నాలుగువేల వరసల నదిని అడ్డంగా పదహారు ముక్కలు కోసి, ముక్కకు రెండువందల యాభై వరసల చొప్పున పంచింది. ఒక్కో కంప్యూటరూ తన ముక్క తను చూసుకుంటూ, చివరి వరసలో నలకలు ఏమున్నాయో పక్క కంప్యూటరుకు కబురు పంపుతుంది. ముక్కకూ ముక్కకూ మధ్య గీతను ఆవిడ అతుకు అనేది. ఎక్కడైనా తప్పు జరిగితే అక్కడే జరుగుతుందని ఆవిడ భయం. అందుకే రెండు పరీక్షలు పెట్టుకుంది. ఒకటి, లెక్క: మొదట ఉన్న నలకలకు పైనుంచి వచ్చినవి కలిపి, కింద పోయినవి తీసేస్తే, మిగిలినవి ఒక్కటి కూడా తేడా రాకూడదు. రెండు, చుక్క: నిలవనీటి మధ్యలో నలకలను ఒకచోట కుప్పగా వదిలితే, అల గుండ్రంగా విచ్చుకోవాలి. వంకర తిరిగితే ఎక్కడో రోగం ఉన్నట్టు.

ఇక ఆవిడ అక్క సంగతి. అక్క పదకొండేళ్ళు పెద్దది. తల్లి మంచం పట్టిన ఇంట్లో ఈవిడకు జడలు వేసింది, అన్నం పెట్టింది, కుట్టుమిషను తొక్కి చదువు చెప్పించింది అక్కే. ఆ తొక్కడంలోనే మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు నదికి కుడి గట్టున పల్లంలో, తాళాలు బాగుచేసేవాళ్ళు ఎక్కువగా ఉండే వీధిలో, ఒకటిన్నర గది ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. డెబ్భై ఇళ్ళ వీధి అది. అందరూ ఆవిడను తాళాల వీధి అక్క అంటారు.

ఆ వారం పైన ఎడతెగని వానలు. జలాశయం నిండి, గురువారం సాయంత్రం నాలుగింటికి గేట్లు ఎత్తక తప్పదని తేలింది. అంత నీరు ఒక్కసారి వదిలితే ఊళ్ళో ఏ గట్టు పక్క ఏ వీధి మునుగుతుంది? ఎవరిని ఖాళీ చేయించాలి? అదీ ఆఫీసు ముందున్న ప్రశ్న. బుధవారం మధ్యాహ్నం లెక్క సగంలో ఉండగా పదకొండో కంప్యూటరు పుటుక్కున చచ్చిపోయింది. బాగుచేసే వ్యవధి లేదు. మరోసారమ్మ నదిని మళ్ళీ పదిహేను ముక్కలుగా పంచింది. నాలుగువేలు పదిహేనుకు సమంగా పోవు కాబట్టి, మొదటి పది కంప్యూటర్లకూ రెండువందల అరవై ఏడేసి వరసలు, చివరి అయిదింటికీ రెండువందల అరవై ఆరేసి. లెక్క ఆరు గంటలు నడిచింది.

గురువారం పొద్దున్న నలకలు లెక్కపెట్టింది. సరిపోయింది. మళ్ళీ లెక్కపెట్టింది. సరిపోయింది. మూడోసారి మొదలుపెట్టేసరికి చీఫ్ గారు తలుపు దగ్గర గడియారం చూపిస్తూ నిలబడ్డారు.

"మేడం, పైవాళ్ళు ఫోన్ మీద ఫోన్. ఇంకా ఏం చూస్తారు?"

"చుక్క పరీక్ష ఒక్కటి ఉండిపోయింది సార్. అరగంట."

"నలకలు సరిపోయాయన్నారు కదా?"

"ఒక్కటి కూడా తేడా లేదు సార్."

"మరి సంతకం పెట్టండి."

పెట్టింది. ఎడమ గట్టు పల్లంలో నాలుగు వీధులు ఖాళీ చేయించాలి, కుడి గట్టుకు భయం లేదు: ఇదీ కాగితం మీది మాట. తొమ్మిదిన్నరకు అక్క ఫోను చేసి, "ఏమే, మేం మూటాముల్లె సర్దుకోవాలా?" అని అడిగితే, "వద్దక్కా, హాయిగా ఉండు. మీ వైపు చుక్క నీరు రాదు" అంది. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యమేసింది. జీవితంలో ఒక్కసారైనా అందరిలా మాట్లాడగలిగాననుకుని లోపల్లోపల పొంగిపోయింది కూడా.

ఆ పొంగు గంటన్నర నిలిచింది. పదకొండింటికి కారణం లేకుండానే అన్నం డబ్బా విప్పి మూత పెట్టేసింది. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరకు, కిటికీ దగ్గర్నుంచి కుర్చీకి. చెయ్యని పరీక్ష ఒకటి చెవిలో జోరీగలా రొద పెడుతోంది. సంతకం అయిపోయింది, ఇప్పుడు చూసి ఏం లాభం అని తనకు తాను సర్దిచెప్పుకుంది. పన్నెండు కాకముందే కంప్యూటరు ముందు కూర్చుంది.

చుక్క ఎక్కడ వేయాలో ఆలోచించను కూడా లేదు. పంతొమ్మిదేళ్ళుగా వేసే చోటే, పద్దెనిమిదివందల డెబ్భై అయిదో వరస. పాత పంపకంలో అది ఎనిమిదో ముక్కకు సరిగ్గా నడిమధ్య. వేళ్ళకు ఆ అంకె అలవాటు. కొత్త పంపకంలో అది ఒక అతుకుకు ఆరు వరసల దూరంలో ఉందన్న సంగతి ఆవిడకు తట్టలేదు. అదే మంచిదైంది. తట్టి ఉంటే మళ్ళీ ఏదో ఒక ముక్క నడిమధ్యే వేసేది, గుండ్రటి అల చూసుకుని ఇంటికి పోయేది.

అల విచ్చుకుంది. గుండ్రంగా లేదు. అతుకు గీత మీద ఎవరో కొంగు పట్టుకుని లాగినట్టు ఎడమ గట్టు వైపుకు సాగి ఉంది.

ఆవిడ గళ్ళ కాగితం తీసి, అతుకుకు అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు గీసింది. తేనెపట్టులో ఒక వరస గళ్ళకూ పక్క వరస గళ్ళకూ మధ్య అర గడి జరుగుడు ఉంటుంది. సరి వరసలు ఒకలా, బేసి వరసలు ఇంకోలా. ప్రతి కంప్యూటరూ తన వరసలను సున్నా నుంచి లెక్కపెట్టుకుంటుంది, సున్నాను సరి అనుకుంటుంది. ముక్కకు రెండువందల యాభై ఉన్నన్నాళ్ళూ ఒకడి చివరి వరస బేసి, పక్కవాడి మొదటి వరస సరి, పేచీ లేదు. రెండువందల అరవై ఏడు చేసేసరికి ఇటు చివరిదీ సరే, అటు మొదటిదీ సరే అయింది. ఆ గీత దాటే ప్రతి నలకా తను దిగాల్సిన చోటికి అర గడి ఎడమగా దిగుతోంది. కిందికి దాటినా అంతే, పైకి దాటినా అంతే. పది అతుకులు, లక్ష అడుగులు. ఒక్క నలకా పోలేదు, ఒక్కటీ కొత్తగా పుట్టలేదు. లెక్క సరిపోక ఏం చేస్తుంది! నీళ్ళన్నీ ఉన్నాయి, ఉండాల్సిన గట్టున లేవు.

తెర మీద కుడి గట్టున లేని నీళ్ళు నిజానికి ఎవరి వీధిలోకి రావాల్సినవో ఆవిడకు వెంటనే తెలిసింది.

చీఫ్ గారి గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళింది. ఆయన తల ఎత్తకుండానే నవ్వారు.

"చెప్పండి. మరోసారి చూస్తారా?"

"చూశాను సార్. తప్పుంది."

"మేడం, మీకు అలవాటే కదా..."

"అలవాటు కాదు సార్. రండి, చూపిస్తాను."

ఆయన చెడ్డవాడేం కాదు. పాతకాలపు ఇంజనీరు, సిమెంటు నది ముందు మోకాళ్ళ మీద కూర్చున్నవాడే. తెర మీది వంకర అలను చాలాసేపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కుడి గట్టుకు ఎంత వస్తుంది?"

"తెలీదు సార్."

"ఎంతో చెప్పకుండా డెబ్భై ఇళ్ళు ఖాళీ చేయించమని పైవాళ్ళకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? పొద్దున్నేగా భయం లేదన్నాం!"

మొత్తం లెక్క మళ్ళీ నడపాలంటే ఆరు గంటలు. అప్పటికి గేట్లు ఎత్తి మూడు గంటలవుతుంది. ఆవిడ గోడ మీది గడియారాన్ని చూసింది, ఒంటిగంట. "గళ్ళు రెట్టింపు పెద్దవి చేస్తాను సార్," అంది. "నాలుగోవంతు గళ్ళే ఉంటాయి, అడుగులు సగం చాలు. ముప్పావుగంటలో అయిపోతుంది. ముక్కలన్నీ సరిసంఖ్యలే ఇస్తాను. అంకె మొరటుగా ఉంటుంది, ఉంటే ఉండనీయండి."

ఆ ముప్పావుగంట ఆవిడ ఎలా గడిపిందో చెప్పడం కష్టం. వరసలు సరిసంఖ్యలేనా అని పదిహేను ముక్కలనూ వేళ్ళ మీద చూసుకుంది. అక్కకు ఫోన్ చేయబోయి, ఏం చెప్పాలో తెలియక పెట్టేసింది. తెర మీద నది మెల్లగా కిందికి దిగుతుంటే, చిన్నప్పుడు జ్వరంలో పడుకున్న అక్క ఊపిరి లెక్కపెట్టినట్టు అడుగులు లెక్కపెట్టింది. ముప్పైవేలు దాటాక కుడి గట్టు చుట్టూ ఉన్న గళ్ళు ఒక్కొక్కటే నీళ్ళతో నల్లబడటం మొదలైంది. ముందు పడవల రేవు, తర్వాత ఆటస్థలం, తర్వాత తాళాల వీధి.

"నడుము లోతు రావచ్చు సార్. మోకాళ్ళ దగ్గరే ఆగిపోవచ్చు కూడా. ఇంత మొరటు గళ్ళతో ఖాయంగా చెప్పలేను."

చీఫ్ గారు ఫోను ఎత్తి, అటువైపు మాటలు విని, "బాధ్యత నాదే సార్" అని పెట్టేశారు. తర్వాత ఆవిడ వైపు చూసి, "నాదీ, మీదీ" అన్నారు.

తాళాల వీధికి ఆఫీసు జీపులో వెళ్ళేసరికి రెండుంపావు. మైకులో కేకలు వేస్తున్నా ఒక్కరూ కదల్లేదు. ఎందుకు కదల్లేదో అక్క ఇంట్లోకి అడుగు పెట్టాక గానీ తెలియలేదు.

అక్క మిషను మీద ఎవరిదో రవిక కుడుతోంది. "నిన్నెవరో బెదరగొట్టారే," అంది, కాలు ఆపకుండా. "పొద్దున్న నువ్వేమన్నావు? చుక్క నీరు రాదన్నావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు 'ఏమో' అనకుండా మాట్లాడటం అదే మొదలు. ఆ మాటే వీధంతా చెప్పాను. మా చెల్లెలికే అనుమానం లేదంటే ఇక భూమ్మీద ఎవరికీ ఉండక్కర్లేదు అన్నాను. వాళ్ళూ సర్దిన మూటలు విప్పేశారు."

ఇంతకాలం మరోసారమ్మ భయాన్ని ఎవరూ లెక్కచేయలేదు. ఒక్కపూట ధైర్యంగా మాట్లాడితే వీధి వీధంతా నమ్మి కూర్చుంది.

"అక్కా, తప్పు చేశాను."

మిషను ఆగింది.

"తప్పు ఉండొచ్చు అనడం లేదు. చేశాను. పొద్దున్న పరీక్ష చెయ్యకుండా సంతకం పెట్టాను. నీళ్ళు మీ వీధిలోకే వస్తాయి. లేవక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

అక్క చెల్లెలి మొహంలోకి చూసింది. రవిక మడిచి సంచిలో పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. గుమ్మంలో నిలబడి, వీధి చివరి దాకా వినబడేలా ఒకటే కేక పెట్టింది: "అందరూ లేవండే! మా చెల్లెలు తప్పు చేసిందట, తనే వచ్చి చెప్పింది! ఎక్కండి గట్టు మీది బడిలోకి!" అరగంటలో వీధి ఖాళీ అయింది. మిషను మాత్రం ఎవరూ మోయలేకపోయారు.

గట్టు మీద ఎత్తున ఉన్న బడిలో, రెండో అంతస్తు వరండాలోంచి వీధి మొత్తం కనబడుతుంది. నాలుగింటికి గేట్లు ఎత్తారు. నీళ్ళు రావడానికి గంటన్నర పట్టాలి. అయిదున్నరైంది, రాలేదు. అయిదూముప్పావైంది. తాళాల మేస్త్రి ఒకాయన అందరికీ వినబడేలా, "పొద్దున్న రాదన్నారు, మధ్యాహ్నం వస్తుందన్నారు, ఇక రేపు పొద్దున్న ఏమంటారో" అన్నాడు. కొందరు నవ్వారు. ఒకావిడ పిల్లను చంకనేసుకుని ఇంటికి పోతానని మెట్లు దిగబోతే, కానిస్టేబుల్ ఆపి తిట్లు తిన్నాడు. చీఫ్ గారు ఫోన్ చేసి, "ఏమైనా కనబడుతోందా?" అని అడిగారు. ఆయన గొంతు చిన్నదైపోయింది. "ఇంకా లేదు సార్" అంది.

వరండా కమ్మీ పట్టుకుని, కన్నార్పకుండా వీధి మొదలును చూస్తూ నిలబడింది మరోసారమ్మ. పొడిగా ఉంది వీధి. ఎంత పొడిగా ఉందంటే, ఒక కుక్క మధ్యలో పడుకుని చెవి గోక్కుంటోంది. ఈ వంకర కూడా నేనే తెచ్చిపెట్టుకున్నానా? సరి బేసి తిరగబడి చూశానా? ఇంతమందిని గుమ్మాల్లోంచి లాక్కొచ్చానే! రేపు చీఫ్ గారి మొహం ఎలా చూడాలి?

ఆరుకు అయిదు నిమిషాలుండగా కుక్క లేచి నిలబడింది. వీధి మొదట్లో ఏదో మెరిసింది. గోధుమరంగు నీరు తొందరేమీ లేకుండా, దారి తెలిసినదానిలా, గోడల వెంబడి నడిచొచ్చింది. ముందు అరుగులు మునిగాయి. తర్వాత అక్క గుమ్మం మెట్టు, తర్వాత గడప. తలుపు కొంచెం కదిలి, లోపలికి తెరుచుకుంది.

మరోసారమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. ఒళ్ళంతా తేలికైపోయింది. తనకు తెలిసేలోగానే పెదవుల మీదికి నవ్వు వచ్చేసింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ మునుగుతున్నది ఎవరి ఇల్లో. లోపల మిషను ఉంది. తనను చదివించిన మిషను. సిగ్గుతో తల పక్కకు తిప్పుకోబోయేసరికి, అక్క పక్కనే నిలబడి తన మొహాన్నే చూస్తోంది.

"నీళ్ళొచ్చాయని సంబరపడ్డావు కదూ?"

అబద్ధం చెప్పలేక తల ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్క కమ్మీ మీద చెల్లెలి చేతి మీద తన చెయ్యి వేసింది.

"నేనూ అంతేనే," అంది అక్క. "రాకపోతే నిన్ను ఏమంటారో అని, నా ఇంట్లోకి రమ్మని గంట నుంచీ దణ్ణాలు పెడుతున్నాను."